దేవుడి సినిమా పెట్టుకోవాలంటే: ఏది చూడొచ్చు, ఏది వదిలేయొచ్చు

ఈమధ్య దేవుడి కథ అని ఆశగా వెళ్ళిన సినిమాల్లో చాలావాటి నుంచి వెలితితోనే బయటికి వచ్చాను. టికెట్ డబ్బులు పోయాయన్న బాధ కాదిది. రాముడన్నా ప్రహ్లాదుడన్నా తిన్నడన్నా చిన్నప్పటి నుంచి మనసులో ఒక చోటు ఉంటుంది. తెర మీది బొమ్మ ఆ చోటు దాకా రాకపోతే కష్టంగా ఉంటుంది. పైగా మన ఇళ్ళల్లో ఒక మొహమాటం ఉంది: "దేవుడి సినిమాని బాగాలేదనకూడదు" అంటారు పెద్దవాళ్ళు. నేను ఒప్పుకోను. దేవుడి కథ కాబట్టే ఇంకాస్త గట్టిగా అడగాలి.

ఇంట్లో పిల్లలకో, అమ్మానాన్నలకో, మీ కోసమో ఏది పెట్టుకోవాలా అని చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను మొదట చూసేది మాట. పాత్రల నోట వచ్చే మాట, పద్యం, పాట. డాక్యుమెంటరీ అయితే వెనక నుంచి వినిపించే వ్యాఖ్యానం. మన పౌరాణికాలు నాటకాల నుంచి వచ్చాయి. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా సురభి వాళ్ళు ఆడిన నాటకం నుంచి వచ్చిందే. స్టేజీ మీద అట్టముక్కల స్వర్గం కట్టినా జనం నమ్మారంటే, వాళ్ళని నమ్మించింది నటుడి గొంతు. ఇవాళ స్వర్గం అచ్చంగా స్వర్గంలాగే కట్టగలుగుతున్నారు గానీ గొంతు దగ్గరే తేడా వస్తోంది.

లవకుశా, శ్రీరామరాజ్యమా?

ఒకే కథ, ఒకే భాష, మధ్యలో 48 ఏళ్ళు. పోల్చి చూడటానికి ఇంతకంటే వీలైన జంట లేదు.

1963 నాటి 'లవకుశ' పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి తెలుగు సినిమా. సి. పుల్లయ్య మొదలుపెడితే ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. డబ్బు ఇబ్బందులతో నిర్మాణం ఏళ్ళ తరబడి సాగింది. ఆ ఆటంకాలేవీ తెర మీద కనిపించవు. సీత మీద నింద ఎక్కడ పుడుతుందో చూపించిన తీరు చూడండి. రేలంగి, గిరిజ చాకలి దంపతులు. వాళ్ళ పోట్లాట, వాళ్ళ పాట, చుట్టూ చేరిన జనం అంతా నవ్వులాటగానే ఉంటుంది. మనమూ నవ్వుతాం. అక్కడ వాడు విసిరిన మాటే రాముడి చెవిన పడేసరికి ఒక ఇల్లాలికి అరణ్యవాసం అవుతుంది. ఒకరి కాపురం కూలిపోవడానికి పెద్ద కుట్ర అక్కర్లేదని, బజారులో నాలుగు మాటలు చాలని ఆ రెండు ఘట్టాలు పక్కపక్కన పెట్టి చెప్పారు. తర్వాత వదినని రథంలో తీసుకెళ్ళే లక్ష్మణుడిగా కాంతారావు ముఖం, "ఏ నిమిషానికి ఏమి జరుగునో" పాట. ఎన్.టి. రామారావు ఈ భాగంలో గొంతు పెంచరు. రాజుగా తీర్పు చెప్పేసి, భర్తగా కుమిలిపోయే మనిషిని అణిచిపెట్టిన గొంతుతోనే చూపించారు. ఇక లీల, సుశీల గొంతుల్లో ఆ పిల్లలు రామకథ పాడుతుంటే, వింటున్న రాజే తమ తండ్రి అని వాళ్ళకి తెలియదు. మనకి తెలుసు. ఇప్పటికీ ఆ దగ్గర మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

2011లో బాపు తీసిన 'శ్రీరామరాజ్యం' విడుదలయ్యేనాటికి మాటలు రాసిన ముళ్ళపూడి వెంకటరమణ లేరు. ఇళయరాజా సంగీతం బాగుంటుంది. సీతగా నయనతార నిజంగా మెప్పించింది, వాల్మీకిగా అక్కినేని నాగేశ్వరరావు ఉన్నంతసేపూ తెర నిండుగా ఉంటుంది. మాటలు పొదుపుగా, తేటగా ఉంటాయి. నాకు వెలితి అనిపించింది అయోధ్యలో. కంప్యూటర్‌లో కట్టిన ఆ మేడలు మనుషుల వెనక అతికించినట్టు ఉంటాయి. వాటి ముందు దుఃఖం కూడా కొంచెం పలచబడింది.

పద్యం అలవాటున్న పెద్దవాళ్ళుంటే 'లవకుశ' పెట్టండి. దాదాపు మూడున్నర గంటలు, కాబట్టి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టడం మంచిది. పాత సినిమా అనగానే లేచి వెళ్ళిపోయే వయసు పిల్లలుంటే ముందు 'శ్రీరామరాజ్యం'. దాని మీద ఇష్టం కలిగితే వాళ్ళే పాతదాని దగ్గరికి వస్తారు.

పిల్లలకి రామాయణం మొదటిసారి చూపించాలంటే

2023 జూన్‌లో వచ్చిన 'ఆదిపురుష్'ని చూపించకండి. ప్రభాస్ రాముడంటే తెలుగువాళ్ళకి ఎంత ఆశ ఉండిందో చెప్పక్కర్లేదు. నేనూ అంత ఆశతోనే వెళ్ళాను. ప్రతి థియేటర్లో హనుమంతుడి కోసం ఒక సీటు ఖాళీగా ఉంచుతామన్నారు. చాలామందికి ఆ ఆలోచనే కళ్ళు చెమర్చేలా చేసింది. సీటు దగ్గర చూపించిన ఆ భక్తి ఆయన నోట మాట పెట్టేటప్పుడు ఉండాల్సింది. హిందీలో హనుమంతుడి చేత పలికించిన బజారు మాటల మీద దేశమంతా గొడవై, విడుదలైన కొద్ది రోజులకే వాటిని మార్చారు. కిష్కింధకాండలో మొదటి పరిచయంలోనే రాముడంతటివాడు హనుమంతుడి మాటతీరు చూసి మెచ్చుకుంటాడు. వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడని, ఒక్క తప్పు మాట కూడా దొర్లలేదని లక్ష్మణుడితో అంటాడు రాముడు. వాల్మీకి హనుమంతుణ్ణి మనకి పరిచయం చేసిందే మాట మర్యాదతో. అలాంటి పాత్ర దగ్గర మాట జారితే సినిమా మొత్తం జారినట్టే.

మిగతావీ బాధపెట్టేవే. పాత్రలకి రాఘవ, జానకి, శేషు, బజరంగ్, లంకేశ్ అని పేర్లు. లంక మొత్తం బూడిద రంగు. వాల్మీకి లంక హనుమంతుడే ఆశ్చర్యపోయేంత అందమైన నగరం. రావణుడి ఐశ్వర్యం కనిపించకపోతే సీత దాన్ని గడ్డిపోచలా తీసిపారేయడంలో గొప్పతనం పిల్లలకి ఎలా తెలుస్తుంది?

దీనికి బదులు 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' చూపించండి. 1990ల మొదట్లో జపాన్, భారత్ కలిసి తీసిన యానిమేషన్ సినిమా ఇది. యూగో సాకో అనే జపాన్ దర్శకుడు అలహాబాద్ దగ్గర పురావస్తు తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చి, రామకథ మీద ఇష్టం పెంచుకుని దీన్ని మొదలుపెట్టారు. మన వైపు నుంచి రామ్ మోహన్ చేయి కలిపారు. పరదేశీలు రామాయణాన్ని బొమ్మల సినిమాగా తీయడమేమిటని అప్పట్లో ఇక్కడ అభ్యంతరాలొచ్చాయి, థియేటర్లలో పెద్దగా ఆడలేదు. టీవీలో చూసిన పిల్లలే దాన్ని గుర్తుపెట్టుకున్నారు. 2025 జనవరిలో తెలుగు మాటలతో సహా మళ్ళీ విడుదలైంది.

అందులో కుంభకర్ణుణ్ణి నిద్ర లేపే ఘట్టం చూడండి. చేత్తో గీసిన బొమ్మలే అయినా ఆ శరీరం బరువు, అతను కదిలితే చుట్టూ జనం చిన్న చీమల్లా అయిపోవడం కంటికి ఆనుతాయి. లంకకి రంగులున్నాయి. రాముడికి కోపం వచ్చినా ముఖంలో శాంతం చెదరదు. ముఖకవళికల్లో కొంచెం జపాన్ ఛాయ ఉంటుంది గానీ అయిదు నిమిషాల్లో అలవాటైపోతుంది. ఉత్తరకాండ జోలికి పోదు కాబట్టి చిన్నపిల్లలకి చెప్పలేని ప్రశ్నల ఇబ్బందీ లేదు.

కథలో మార్పులు చేయడమే తప్పు అని నేను అనడం లేదు. 1957 నాటి 'మాయాబజార్' కథ వ్యాసుడి భారతంలో లేదు. సినిమా మొత్తంలో పాండవులు కనిపించనే కనిపించరు. అయినా అందులో కృష్ణుడు కృష్ణుడిలాగే మాట్లాడతాడు, ఘటోత్కచుడు పెద్దల ముందు ఎలా వంగాలో అలాగే వంగుతాడు. ఎంత కల్పించినా పాత్ర నడవడి తప్పకపోతే మనకి పరాయిగా అనిపించదు.

ప్రహ్లాదుడు: ఎస్వీ రంగారావా, యానిమేషనా?

ఇక్కడ మాత్రం కొత్తదాన్ని నేను తోసిపారేయను. 2025 జూలైలో అశ్విన్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన 'మహావతార్ నరసింహ' చూశాక చాలా రోజుల తర్వాత ఒక భక్తి సినిమా తన పని తాను చేసిందనిపించింది. పెద్ద హీరో లేడు. ఏ హీరో ముఖమూ అడ్డం రాకపోవడమే దానికి మేలు చేసింది. వరాహావతారంతో మొదలై స్తంభం చీలేదాకా కథ పోగు తెగదు. ఆఖరి ఘట్టంలో నరసింహుడి ఉగ్రత్వం మామూలు నటుడి వల్ల అయ్యేది కాదు, యానిమేషన్‌కే సాధ్యం. తక్కువల్లా మామూలు మనుషుల ముఖాల్లో. ఏడుపూ నవ్వూ ఒకేలా ఉంటాయి చాలాచోట్ల.

ఆ తక్కువ ఎంత పెద్దదో 1967లో ఏవీఎం వాళ్ళు తీసిన 'భక్త ప్రహ్లాద' చూస్తే అర్థమవుతుంది. హిరణ్యకశిపుడిగా ఎస్.వి. రంగారావు. కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావని మురిపెంగా అడిగే తండ్రి, శత్రువు పేరు ఆ నోట వినగానే బిగుసుకుపోయే రాజు, రెండూ ఒక్క క్షణంలో ఆ ముఖం మీదే జరుగుతాయి. శిక్ష వేసిన ప్రతిసారీ లోపల ఎక్కడో పిల్లవాడు బతికిరావాలని కోరుకుంటున్నాడేమో అనిపించేలా చేస్తారు. చిన్నారి రోజారమణి ఏ జంకూ లేకుండా నిలబడి "ఇందుగలడందు లేడని" అంటుంటే పోతన పద్యం మొదటిసారి విన్నట్టుంటుంది. నారదుడిగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ స్వయంగా నటించి పాడారు. అది ఒక్కటి చాలు, సంగీతం ఇష్టమైనవాళ్ళకి ఇంకే కారణమూ అక్కర్లేదు. నరసింహుడు వచ్చే దగ్గర మాత్రం ఇప్పటి పిల్లలకి పాతకాలం ట్రిక్కులు తెలిసిపోతాయి.

రెండూ చూడండి. ముందు పాతది, వారం తర్వాత కొత్తది. అయిదారేళ్ళ లోపు పిల్లలుంటే కొత్తదాని చివరి అరగంట పక్కనే కూర్చోండి, భయపడతారు.

కన్నప్ప

శ్రీకాళహస్తి వెళ్ళినవాళ్ళకి కొండ మీద కన్నప్ప గుడి తెలుసు. కన్నప్ప కాకముందు ఆయన తిన్నడు. ధూర్జటి రాసిన ఆ తిన్నడి కథ చదివినవాళ్ళకి అందులోని గొప్పతనం ఎంత చిన్న చిన్న పనుల్లో ఉందో తెలుసు. పుక్కిట పట్టిన నీళ్ళతో అభిషేకం. తను రుచి చూసి బాగున్న మాంసమే నైవేద్యం. లింగం కంటి నుంచి నెత్తురు కారితే తన కన్ను పెకలించి పెట్టడం. రెండో కన్నూ కారుతుంటే, తన రెండో కన్ను తీశాక చోటు కనపడదు కదా అని ముందే కాలి బొటనవేలు గుర్తుగా ఆనించడం. దేవుడి ముఖం మీద కాలు. ప్రేమ తప్ప ఇంకేమీ తెలియనివాడే చేయగల పని అది. ఈ కథని తెర మీద పెట్టాలంటే సైన్యాలు అక్కర్లేదు. ఒక అడవి, ఒక గుడి, అపచారం జరిగిందని కుమిలిపోయే ఒక అర్చకుడు, ఒక బోయవాడు చాలు.

2025లో వచ్చిన 'కన్నప్ప' మూడు గంటల సినిమా. ఎక్కువ భాగం న్యూజిలాండ్‌లో తీశారు. శివుడిగా అక్షయ్ కుమార్, కిరాతుడిగా మోహన్‌లాల్, రుద్రుడిగా ప్రభాస్. తిన్నణ్ణి దేవుడంటే పడనివాడిగా మొదలుపెట్టి, లింగం కోసం తెగల మధ్య యుద్ధాలు నడిపి, చివరి అరగంటలో అసలు కథకి వచ్చారు. ఆ చివరి అరగంట బాగుంది, తిన్నడిగా విష్ణు మంచు మనసు పెట్టి చేశారు. అది మాత్రం ఒప్పుకోవాలి. కానీ ఆ పచ్చిక బయళ్ళు, ఆ మంచుకొండలు చూస్తుంటే శ్రీకాళహస్తి ఎక్కడా తగలదు. స్వర్ణముఖి ఒడ్డున ఉండే రాళ్ళూ ఎండా ఆ కథలో సగం. బోయవాడి పాదం ఆ మట్టి మీద పడితేనే మనకి నమ్మకం.

1976లో కృష్ణంరాజుతో బాపు తీసిన 'భక్త కన్నప్ప'లోనూ పాటలూ సరసమూ ఉన్నాయి, అదేమీ శుద్ధ భక్తి సినిమా కాదు. అయినా "శివశివ శంకర" పాటలో తిన్నడు లింగం చుట్టూ తిరుగుతూ చేసే అమాయకపు సేవ చూస్తే కథ ఆత్మ దొరికిపోతుంది. శబ్దగ్రహణానికి ఆ సినిమాకి జాతీయ అవార్డు వచ్చింది. చూస్తే ఇదే చూడండి. కొత్తది చూడాలనుకుంటే చివరి అరగంట చాలు.

అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య

1997 నాటి 'అన్నమయ్య' గురించి మాట్లాడాలంటే నాకు రెండు మనసులు. కీరవాణి సంగీతానికి జాతీయ అవార్డు, నాగార్జున నటనకి ప్రత్యేక ప్రస్తావన వచ్చాయి, రెండూ న్యాయమైనవే. సుమన్ వేంకటేశ్వరుడిగా నిలబడిన తీరు ఇప్పటికీ క్యాలెండర్ బొమ్మల్లో కనిపిస్తుంది. ఒక తరానికి అన్నమయ్యని ఇంట్లోకి తెచ్చిన సినిమా అది. అయితే మొదటి సగంలో ఆయన్ని మరదళ్ళతో డ్యూయెట్లు పాడుకునే కుర్రవాడిగా చూపించారు. అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన తాత చరిత్ర మనకి ఉంది. తాళ్ళపాక తిమ్మక్కని తొలి తెలుగు కవయిత్రి అంటాం. 'సుభద్రా కల్యాణం' రాసిన ఆ ఇల్లాలు సినిమాలో ఎక్కడుంది? అన్నమయ్య భార్యల్లో ఒకరు కవయిత్రి అని ఈ సినిమా చూసి పెరిగిన పిల్లలకి తెలియదు. శ్రీవారి గుడిలో సంకీర్తనా భాండారం, అందులో శతాబ్దాలు దాగి ఉన్న రాగిరేకులు, వాటిని చదివి పరిష్కరించడానికి వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు పడిన కష్టం, ఇదంతా ఇంకొక సినిమాకి సరిపడా ఉంది. ఎవరూ తీయలేదు.

2006 నాటి 'శ్రీరామదాసు' పాటల కోసం, గోల్కొండ చెర ఘట్టం కోసం చూడొచ్చు. చరిత్రగా మాత్రం తీసుకోవద్దు. అందులో గోపన్నకి కబీరు దర్శనమిస్తాడు. కథల్లో ఉన్నమాట నిజమే గానీ కబీరు పదిహేనో శతాబ్దివాడు, రామదాసు పదిహేడో శతాబ్దివాడు. పిల్లలు అడిగితే ఆ తేడా చెప్పండి.

ఈ వరసలో నా ఓటు మాత్రం చిత్తూరు నాగయ్యకే. 1946 నాటి 'త్యాగయ్య'లో నటన, దర్శకత్వం, సంగీతం మూడూ ఆయనవే. నలుపు తెలుపు, అరిగిపోయిన ధ్వని. మొదటి పావుగంట ఓపిక పట్టాలి. తర్వాత ఆయన పాడుతుంటే నటిస్తున్నారన్న సంగతే మరిచిపోతాం. రాజు కానుకలు వద్దన్న త్యాగరాజుని చాలామంది ధిక్కారంగా చూపిస్తారు. నాగయ్య దాన్ని ఇబ్బందిపడుతూ, నొప్పించకుండా చెప్పినట్టు చూపించారు. ఆ వినయం నేర్చుకుంటే వచ్చేది కాదు.

తత్వం మీద ఆసక్తి ఉంటే 1983లో జి.వి. అయ్యర్ సంస్కృతంలో తీసిన 'ఆది శంకరాచార్య' వెతికి చూడండి. మృత్యువు, ప్రజ్ఞానం ఇద్దరు స్నేహితులుగా శంకరుడి పక్కన నడుస్తుంటారు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడికి మృత్యువు తోడుగా వస్తుంది. మహిమలు చూపించకుండా అద్వైతాన్ని చెప్పిన సినిమా అది. శంకరుడిగా చేసిన సర్వదమన్ బెనర్జీ మనకి 'సిరివెన్నెల'లో వేణువు ఊదే అంధుడిగా తెలిసినవాడే.

క్రీస్తు కథ, ప్రవక్త కథ

1978 నాటి 'కరుణామయుడు', 2004 నాటి 'ద పాషన్ ఆఫ్ ద క్రైస్ట్' మధ్య ఎంచుకోవాలంటే ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. రెండోది క్రీస్తు చివరి గంటల కథ. అరామిక్, లాటిన్ భాషల్లో తీశారు. కొరడా దెబ్బల ఘట్టం ఎంత సేపు సాగుతుందంటే పెద్దవాళ్ళే తల తిప్పుకుంటారు. బాధ తెలుస్తుంది, ఆ బాధ పడినవాడు అంతకుముందు ఏం చెప్పాడో పెద్దగా తెలియదు. 'కరుణామయుడు' నెమ్మదిగా నడుస్తుంది, సెట్లు పాతవి. కానీ విజయచందర్ ముఖంలో దయ ఉంది, మాట తెలుగులో ఉంది, "కదిలింది కరుణరథం" పాట మతంతో పని లేకుండా తెలుగు ఊళ్ళన్నీ పాడుకున్న పాట. నేను దీన్నే ఎంచుకుంటాను.

1976లో ముస్తఫా అక్కాద్ తీసిన 'ద మెసేజ్' ప్రవక్తని చూపించదు, ఆయన గొంతూ వినిపించదు. ఎదుటివాళ్ళు కెమెరాలోకి చూసి మాట్లాడితే ఆయన అక్కడ ఉన్నారని అర్థం చేసుకుంటాం. ఒక విశ్వాసపు నియమాన్ని గౌరవిస్తూనే సినిమా ఎలా తీయొచ్చో చూడాలంటే ఇది చూడాలి. ఇంగ్లీషులో ఒకసారి, అరబిక్‌లో వేరే నటులతో ఇంకోసారి తీశారు.

డాక్యుమెంటరీలు

అన్నిటికంటే ఎక్కువ నిరాశ నాకు ఇక్కడే. తెలుగులో గుళ్ళ మీద వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి. డ్రోన్ షాట్, దడదడమనే సంగీతం, "శాస్త్రవేత్తలకే అంతుచిక్కని రహస్యం" అనే గొంతు. లేపాక్షినే తీసుకోండి. అక్కడ వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి చూపిస్తారు, రహస్యం అంటారు, అయిపోతుంది. అదే మండపంలో తల పైకెత్తితే పదహారో శతాబ్ది విజయనగర చిత్రాలు కప్పంతా పరచుకుని ఉంటాయి. ఆ చీరల అంచులు, ఆ జుట్టు ముడులు, పంది మీద ఎక్కుపెట్టిన వేటగాళ్ళ బాణాలు చూస్తే ఆనాటి మనుషులు ఎలా బతికారో తెలుస్తుంది. బయట ఏకశిలా నంది, పూర్తికాని కల్యాణ మండపం ఉన్నాయి. పని ఎందుకు ఆగిపోయింది, ఆ రాళ్ళ మీద ఉలి గుర్తులు ఏం చెబుతున్నాయి అని ఒక్కరూ అడగరు.

రామప్ప గుడి గతీ అంతే. 1213 నాటి కాకతీయ ఆలయం, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. నీళ్ళలో తేలే ఇటుకలు అని ఒక ఇటుకని బకెట్లో వేసి చూపిస్తారు. శిఖరం బరువు తగ్గించడానికి అంత తేలికైన ఇటుక కాల్చారు, పునాదిలో ఇసుక నింపారు, ఆ నల్లరాతి మదనికల మెడలో హారానికీ చర్మానికీ మధ్య నీడ పడేంత సన్నగా చెక్కారు. ఇది ఎలా చేశారో వివరిస్తే భక్తి తగ్గుతుందా? నాకైతే పెరుగుతుంది. రహస్యం అనేస్తే ఆ పనిచేసిన చేతులని మనమే చెరిపేసినట్టు.

అందుకే డాక్యుమెంటరీ ఎంచుకునేటప్పుడు మొదటి మూడు నిమిషాలు చాలు. అందులో ఎవరైనా పనిచేస్తూ కనిపించారా? అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు, అర్చకులు, శిల్పాల గురించి చదువుకున్నవాళ్ళు మాట్లాడుతున్నారా? లేక గొంతు ఒక్కటే ఊదరగొడుతోందా? గొంతు ఒక్కటే అయితే ఆపేయండి. శాసనం, తేదీ, రాజు పేరు ఏదీ చెప్పకుండా "వేల ఏళ్ళ నాటి" అని మొదలుపెట్టినా అంతే.

నేషనల్ జియోగ్రాఫిక్ తిరుమల మీద తీసినది ఈ లెక్కన నయం. పోటు అనే ప్రసాదాల వంటశాల, అన్నప్రసాదం వంటశాల, క్యూలైన్లు, తలనీలాలు, ఇంత జనాన్ని రోజూ ఎలా నడిపిస్తున్నారన్నదే దాని విషయం. చూస్తే మీరు ఎన్నోసార్లు నిలబడిన క్యూ వెనక ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది. కానీ అది ఏర్పాట్ల గురించిన సినిమా. ఆ క్యూలో నిలబడిన ముసలమ్మ ఏం కోరుకుంటోందో అది అడగదు.

అలా మనిషి లోపలి భక్తిని ఎలా తీయాలో చూడాలంటే 'ఇన్‌టు గ్రేట్ సైలెన్స్' చూడండి. ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లో గ్రాండ్ షార్త్రూజ్ అనే కార్తూసియన్ సన్యాసుల మఠం ఉంది. అక్కడ తీయడానికి ఫిలిప్ గ్రోనింగ్ అనే జర్మన్ దర్శకుడు 1984లో అనుమతి అడిగితే, వాళ్ళు పదహారేళ్ళ తర్వాత సరేనన్నారు. ఆయన ఒక్కడే వెళ్ళి వాళ్ళతోపాటు ఉండి, లైట్లు వాడకుండా, వ్యాఖ్యానం లేకుండా, విడిగా సంగీతం పెట్టకుండా తీశారు. రెండు గంటల నలభై నిమిషాలకి పైనే. ఒక ముసలి సన్యాసి కొత్తగా చేరినవాడి కోసం బట్ట కొలిచి కత్తిరిస్తుంటాడు, అంతే, మనం అలాగే చూస్తూ ఉండిపోతాం. చివర్లో చూపు పోయిన ఒక వృద్ధుడు చావంటే భయమెందుకని అడుగుతాడు. ఒక్క మహిమ చూపించలేదు. నా మతం కాదు, నా భాష కాదు, అయినా భక్తి అంటే ఏమిటో ఈమధ్య చూసిన అన్నిటికంటే అది బాగా చెప్పింది. ఒంటరిగా, ఫోన్ పక్కన పెట్టి చూడండి. కుటుంబంతో కూర్చుని చూసేది కాదు.

ఇలాంటిది తెలుగులో తీయడానికి విషయాలు లేక కాదు. భద్రాచలం కల్యాణానికి వెళ్ళే గోటి తలంబ్రాలే ఉన్నాయి. తూర్పుగోదావరి కోరుకొండ దగ్గర భక్తులు రాముడు, హనుమంతుడు, సుగ్రీవుడి వేషాలు కట్టి పొలంలో విత్తనాలు చల్లుతారు. పండిన వడ్లని ఇంటింటికీ పంచి, రోకలి తగలకుండా గోళ్ళతో ఒక్కొక్క గింజ ఒలిచి, ఆ బియ్యాన్ని శ్రీరామనవమికి పంపుతారు. టీవీలో దీనికి దక్కేది రెండు నిమిషాల వార్త. విత్తనం చల్లిన రోజు నుంచి కల్యాణ వేదిక మీద ఆ గింజలు పడేదాకా ఎవరైనా ఆ ఊళ్ళోనే ఉండి, ఒలుస్తున్న ఆడవాళ్ళ మాటలు వింటూ, వెనక నుంచి ఏ గొంతూ పెట్టకుండా తీస్తే, ఎన్ని గంటలున్నా నేను కూర్చుని చూస్తాను.